పెరటి సాక్ష్యము

ఇరువది సంవత్సరములుగా న్యాయస్థానమున సాక్షులను విచారించుచున్నవాడను. ఆ వృత్తి నాకు నేర్పిన పాఠములలో ముఖ్యమైనది యొక్కటి గలదు. అబద్ధమాడు సాక్షివలన కలుగు కీడు స్వల్పము. రెండు మూడు ప్రశ్నలతో వాని బండారము బయటపడును. నిజమే చెప్పుచున్నానని నిండుమనస్సుతో నమ్ముచు, తాను చూచినదానికి తాను ఊహించినదానిని జతచేసి చెప్పు సాక్షివలననే గొప్ప కీడు కలుగును. "వాడు పొడుచుట నా కన్నులార చూచితిని" అని యతడు ప్రమాణము చేయును. తఱచి యడుగగా, చూచినది పరుగెత్తుట మాత్రమే; పొడుచుట అతని యూహ. ఆ రెంటి నడుమనున్న సందులో ఒక నిర్దోషి ప్రాణము చిక్కుకొని యుండవచ్చును.

ఈ భేదమును తెలిసికొనుటకు న్యాయస్థానము వఱకు పోనక్కఱలేదు. వసంతకాలమున ఇంటి వెనుకతలుపు తీసిన చాలును. పెరటిలో ప్రతిదినము వందల సంగతులు జరుగుచుండును; మనము వానిని చూచుచుందుము; చూచినదానికి తాతలనాటి మాటలను జోడించి తీర్పు చెప్పుచుందుము. ఆ తీర్పులలో కొన్ని నవ్వి విడువదగినవి. కొన్ని ప్రాణములను తీయునవి. అయినను రెంటికిని మూలమైన దోషము ఒక్కటే. దానిని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నేను నివసించునది నంద్యాల. మా పూర్వుల ఇల్లు ఆళ్లగడ్డలో నున్నది. ఈ రెండూళ్లకును నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. పడమట కుందూనది వెంబడి నల్లరేగడి పొలములు, తూర్పున నల్లమల కొండలు. అందువలన మా ప్రాంతపు పెరళ్లకు ఊరి జీవులును, అడవి జీవులును కూడ చుట్టములే. ఫాల్గుణమున మోదుగులు కొండవాలున ఎఱ్ఱనై, కొండగోగు పసుపుపూలు ఆకులేని కొమ్మలపై విచ్చుకొనువేళకు, మా ఆళ్లగడ్డ పెరటిలో వేప ఆకు రాల్చి ఎఱ్ఱని చిగురు తొడుగును. ఉగాదినాటికి దాని తెల్లని పూత జాలాదిబండపై పిండి చల్లినట్లు రాలుచుండును. కానుగచెట్టు క్రింద లేత ఊదావన్నె పూలు చాపవలె పఱచుకొనును. మునగపూవులకై తేనెపిట్టలు వచ్చును. గడ్డివామి ప్రక్కను ఉడుతలు, తొండలు, ఒక ముంగిస, ఎవ్వరి కంటను తేలికగా పడని పాములు. ఇది మన పాఠశాల. ఇక పాఠములను చూతము.

1. మామిడిపూత

మామిడిపండ్లకు పేరుపొందిన బనగానపల్లె మా నంద్యాలజిల్లాలోనిదే. ఒకప్పటి ఆ సంస్థానపు పేరు పెట్టుకొనిన పండునకు 2017వ సంవత్సరమున భౌగోళికసూచిక యను రాజముద్ర లభించినది. కావున మా ప్రాంతమున పెరటిలో ఒక్క మామిడిచెట్టైనను లేని ఇంటిని లోపముగల ఇల్లుగా నెంచుదురు.

మాఘమాసమున చెట్టంతయు పూతతో నిండును. నెల తిరుగకమున్నే పూత జలజల రాలిపోవును. అప్పుడు మా ఇంటిలో ప్రతి సంవత్సరము ఒకే మాట వినబడుచుండెడిది: "పొరుగింటివారి కన్ను పడినది." వెంటనే కొమ్మకు ఒక పాతచెప్పు వ్రేలాడును. పొరుగింటివారితో మాటలు తగ్గును. వారి పెరటిలోని మామిడిపూతయు అట్లే రాలినదనియు, వారి కొమ్మకు వ్రేలాడుచున్న పాతచెప్పు మా నిమిత్తమే యనియు మాకు చాలకాలము తెలియదు.

చూచినది నిజమే: పూత రాలినది. కన్ను పడుట ఊహ. చెట్టుపూతను చేతపట్టుకొని పరీక్షించినచో సంగతి వేఱుగా నుండును. ఒక్కొక్క పూగుత్తిలో వందలకొలదిగా, ఒక్కొక్కప్పుడు వేలకొలదిగా పువ్వులుండును. వానిలో అధికభాగము మగపువ్వులు. అవి కాయగా మారజాలవు. కాయ కట్టదగిన పువ్వులలోనైనను పుప్పొడి చేరనివి కొన్ని, తేనెమంచు పురుగు రసము పీల్చగా వాడినవి కొన్ని, బూడిదతెగులు సోకినవి కొన్ని, చెట్టు మోయజాలక తానే విడిచినవి కొన్ని. నూటికి ఒక్క పువ్వైనను పండువఱకు నిలుచుట అరుదు. రాలుట చెట్టు స్వభావము, నిలుచుటయే విశేషము.

ఇందులో మఱియొక చమత్కారము గలదు. మామిడిపూతకు పుప్పొడి మోయువానిలో ముఖ్యమైనవి మనము అసహ్యించుకొను ఈగలు. పూత రాలుచున్నదను భయముతో పూవులు విచ్చినవేళ విషపు మందులు విస్తారముగా చల్లు గృహస్థుడు ఆ ఈగలను చంపి, ఉన్న కాపును కూడ పోగొట్టుకొనును. తప్పుడు తీర్పు ఊరకుండదు. అది తప్పుడు శిక్షను వెంటబెట్టుకొని వచ్చును.

2. కోయిల

ఇప్పుడు చెవితో విన్న సాక్ష్యమును పరిశీలింతము. వసంతము రాగానే తెల్లవాఱకమున్నే కోయిల కూయును. మన మాటలలోను, పాటలలోను ఆమె కోయిలమ్మ. కాని కొమ్మకొమ్మను ఎక్కి గొంతెత్తి "కుహూ" యని కూయునది మగపక్షి. నిగనిగలాడు నల్లని రెక్కలు, ఎఱ్ఱని కన్నులు దానివి. ఆడుది గోధుమవన్నెపై తెల్లని చుక్కలు గలది. దాని గొంతు కీచుమను ధ్వని. ఆ చుక్కల పక్షిని మన పిల్లలు ప్రతిదినము చూచుచునే యుందురు; అది కోయిల యని వారికి చెప్పినవారు లేరు.

కోయిల గూడు కట్టదు; కాకిగూటిలో గ్రుడ్డు పెట్టును. ఈ సంగతి మన పూర్వులకు తెలియును. పరులచేత పోషింపబడినది గనుక సంస్కృతమున దానికి పరభృతమని పేరు. ఇది ఊహ గాదు, చూచి పెట్టిన పేరు. పూర్వుల మాట యనగానే త్రోసిపుచ్చుట విమర్శ యనిపించుకొనదు. ఏది చూచి చెప్పిరో, ఏది చూడక చెప్పిరో విడదీయుట విమర్శ.

పాశ్చాత్యులలోను ఇట్టి కథ యొకటి గలదు. మశూచికమునకు టీకాను 1796లో ప్రయోగించి చూచిన ఎడ్వర్డు జెన్నరు అను వైద్యుడు, అంతకు పూర్వము 1788లో ఆ దేశపు కోయిలజాతి పక్షినిగూర్చి యొక వ్యాసము ప్రకటించెను. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల, కన్నులైన తెఱవకమున్నే, గూటియందలి తక్కిన గ్రుడ్లను పిల్లలను వీపున మోసి బయటికి త్రోయునని అతడు చూచి వ్రాసెను. అనేకులు నమ్మక పరిహసించిరి. తరువాతి కాలమున ఛాయాచిత్రములు అతని మాటనే బలపఱచినవి. గూటియొద్ద కూర్చుండి ఓపికతో చూచిన వాని మాట గెలిచినది.

అంతమాత్రమున "మన కోయిలపిల్లయు అట్లే చేయును" అని మీరు తీర్పు చెప్పెదరేమో! అట్లు చెప్పరాదు. మన కోయిలపిల్ల సాధారణముగా కాకిపిల్లలను త్రోసివేయదు. ముందుగా పొదుగబడి, ఆహారమునకై వానితో పోటీపడి పెరుగును. ఒక దేశపు సాక్షి చెప్పినది నిజమే యైనను, దానిని మఱియొక దేశపు వ్యాజ్యమునకు అప్పుతెచ్చుకొనరాదు. చదువుకొన్నవారము మనము చేయు పొరపాటు తఱచుగా ఈ తెగకు చెందినది.

3. మల్లెపందిరి

చైత్రమునుండి మల్లెలు విచ్చును. నా చిన్నతనమున మా పెరటిలో బావి గట్టున ఒక మల్లెపందిరి యుండెడిది. ఒకనాటి సాయంకాలము పూలు కోయుచుండగా మా జేజికి పందిరి మొదట పాము కనబడినది. "మల్లెవాసనకు పాము వచ్చును, పిల్లలు తిరుగు చోటు" అని ఆమె మఱునాడే పందిరిని మొదలంట కొట్టించినది. ఆ వేసవి అంతయు మా అక్కలు సంతలో పూలు కొనిరి. పాము మాత్రము మఱుసటివారమే అదే బావిగట్టున మరల కనబడినది.

పాము కనబడుట నిజము. మల్లె యుండుట నిజము. ఒకదానికి మఱియొకటి కారణమనుట ఊహ. పాము నాలుక చాచి గాలియందలి వాసనలను గ్రహించునుగాని, అది పూలవాసన కోరి రాదు. బావిగట్టున నీటిచెమ్మ గలదు. చెమ్మకు కప్పలు చేరును. దీపపు వెలుతురునకు పురుగులు, పురుగులకు బల్లులు చేరును. దట్టమైన పొద నీడనిచ్చును. పాము ఆహారమునకును, మఱుగునకును వచ్చినది. మల్లెకు బదులు ముండ్లపొద యున్నను వచ్చును. పందిరి క్రింద శుభ్రముగా ఊడ్చి, తీగను నేలనుండి మూరెడెత్తున ఎత్తికట్టి, మొదట పేర్చిన పాతపెంకులను తీసివేసియుండినచో మల్లెలును మిగిలెడివి, పిల్లలకు భయమును తగ్గెడిది. శిక్ష పువ్వునకు పడినది. కారణము పెంకులక్రింద సుఖముగా నుండెను.

4. జెర్రిపోతు

ఇంతవఱకు చెప్పిన పొరపాట్లలో పోయినవి మామిడికాయలు, మల్లెపూలు మాత్రమే. ఇకమీద చెప్పునది అట్టిది కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట చైత్రమాసమున సెలవులకై ఆళ్లగడ్డకు పోయియుంటిని. ఒకనాటి యుదయమున మా పశువులకాపరి పరుగెత్తుకొనివచ్చి, "సామీ! గడ్డివామి కాడ నాగుపాముతో జెర్రిపోతు జతకట్టినది, రండి" అని పిలిచెను. పోయి చూచితిమి. రెండు పొడవైన పాములు త్రాటిపేటలవలె పెనవేసికొని, ముందుభాగములను పైకెత్తి, ఒకదానినొకటి వంచుచు, మరల లేచుచుండెను. చూచుట కది యొక నాట్యమువలె నుండెను. ఒకరు క్రొత్తగుడ్డ తెచ్చి వానిపై వేయుడనిరి; మఱియొకరు కఱ్ఱలు తెచ్చిరి. కఱ్ఱలే గెలిచినవి. ఒక పాము చచ్చినది, ఒకటి పాఱిపోయినది.

చచ్చినదానిని నేను చూచితిని. పడగ లేదు. పెద్దకన్నులు, పెదవులపై నల్లని గీతలు, గోధుమవన్నె మేను, తోకవైపు నల్లనిచాఱలు. అది జెర్రిపోతు. పాఱిపోయినదియు అట్టిదే. నేను చూచినది జత కాదు, ద్వంద్వయుద్ధము. మగ జెర్రిపోతులు రెండు ఎదురుపడినపుడు ఇట్లు పెనగులాడి, ఒకదాని తల నొకటి నేలకు అదిమి, బలాబలములు తేల్చుకొనును. ఓడినది వెడలిపోవును. నాగుపామునకు జెర్రిపోతుతో సంపర్కము లేదు. రెండును వేఱువేఱు కుటుంబముల పాములు. పైగా నాగుపాము చిక్కినచో ఇతర పాములను తినును.

జెర్రిపోతుపై మనము మోపిన నేరములు మఱి రెండు గలవు. తోకతో కుట్టునని యొకటి. దాని తోకయందు ముల్లుగాని, విషపుతిత్తిగాని లేదు. ఆవుకాళ్లకు చుట్టుకొని పాలు త్రాగునని రెండవది. పాము నోటికి చప్పరించు పెదవులు లేవు. దాని పండ్లు లోపలికి వంగిన సూదులు. అది పొదుగు పట్టినచో ఆవు క్షణమైనను నిలువదు. పశువులకొట్టములో జెర్రిపోతు కనబడినది నిజము. ఆవు పాలు తగ్గినది నిజము. మొదటిదానికి కారణము కొట్టములోని ఎలుకలు. రెండవదానికి కారణము తఱచుగా పొదుగువాపు, లేక మేతలోపము. పశువైద్యుని పిలువవలసిన చోట మనము కఱ్ఱను పిలిచితిమి. విషము లేనిదియు, ఎలుకలను తిని రైతు గాదెను కాపాడునదియు నగు ఈ పాము 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత రక్షింపబడినది. దానిని చంపుట నేరము.

ఈ సంగతులు నాకు ఆనాడే తెలియును. అయినను నే నేమి చేసితిని? చిఱునవ్వు నవ్వి, లోపలికి పోయి నా కాగితములు తెఱచుకొంటిని. అజ్ఞానులతో వాదమేల యనుకొంటిని. ఆ సంవత్సరము మా గాదెలో ఎలుకలు మెండుగా పెరిగినవి. జెర్రిపోతును చంపుటయే అందులకు కారణమని ప్రమాణము చేయను. ఏలయన అదియు నా యూహయే. కాని ఆ చిఱునవ్వువలన కలిగిన కీడునుగూర్చి మాత్రము ప్రమాణము చేయగలను.

5. కట్లపాము

ఆ సంభాషణలోనే మా కాపరి నాతో ఒక మాట చెప్పియుండెను. పొరుగూరిలో ఒక మంత్రగాడు గలడనియు, తన బావమఱదికి పాము కఱచినపుడు ఆ మంత్రమే బ్రదికించినదనియు, "నేను ప్రక్కనే యుండి చూచితిని సామీ" అనియు పలికెను. దానికిని నా సమాధానము చిఱునవ్వే.

మఱుసటి శ్రావణమాసమున నేను నంద్యాలలో నుంటిని. మా కాపరి కుమారుడు, పదునాఱేండ్లవాడు, ఉక్కగా నుండుటచేత మా పెరటిలో చాపపై పరుండెను. తెల్లవాఱుజామున కడుపునొప్పి యని లేచెను. ఱెప్పలు వాలిపోవుచుండెను, మాట ముద్దయై వచ్చుచుండెను. ఒంటిపై వాపు లేదు, నెత్తురు లేదు. చాప ఎత్తి చూడగా నల్లని మేనిపై సన్నని తెల్లకట్లు గల పాము కనబడినది. వానిని మంత్రగానియొద్దకు గొనిపోయిరి. "వాపు లేదు గనుక విషము ఎక్కలేదు" అని అతడు త్రాడు కట్టి, ఆకుపసరు పోసి, ప్రొద్దెక్కువఱకు ఉంచుకొనెను. నాకు కబురందునప్పటికి ఊపిరి కష్టమైనది. బండిలో నంద్యాలకు తెచ్చుచుండగా త్రోవలోనే ప్రాణము పోయినది.

కట్లపాము కాటు తేలుకుట్టినంత నొప్పియు పెట్టదు, వాపుండదు, నిద్రలో కఱచినచో మేలుకొనకయే యుందురు. దాని విషము నరములను పట్టి, మెల్లమెల్లగా ఊపిరి తీయు కండరములను నిలిపివేయును. మంత్రగాడు చూచినది నిజము: వాపు లేదు. విషము లేదనుట ఊహ. ఆ ఊహ ఖరీదు పదునాఱేండ్ల ప్రాణము.

తండ్రి ఏడ్చి, "వాని ఆయువు అంతే సామీ" అనెను. నాకు ఆనాడు చిఱునవ్వు రాలేదు. కొన్నాళ్లకు, వ్యాజ్యమునకు పోవునట్లే, ఆ పొరుగూరికి పోయి, మంత్రముచేత బ్రదికితిమనువారిని ఒక్కొక్కరిని ఓపికతో అడిగితిని. వారెవ్వరును అబద్ధికులు కారు. ఒకరిని కఱచినది నీటిపాము. ఒకరిని కఱచినది జెర్రిపోతు. ఒకరు పామునే చూడలేదు, చీకటిలో ఏదో కుట్టినది. విషము లేని పాము కఱచిన మనుష్యుడు మంత్రము వేసినను బ్రదుకును, వేయకున్నను బ్రదుకును. విషపుపాము సహితము ఒక్కొక్కప్పుడు విషము విడువకయే కఱచును. ఇట్లు బ్రదికినవారందఱును మంత్రగాని కీర్తిని ఊరూర చాటుదురు. చచ్చినవారి మాట యడుగగా, "వారి ఆయువు తీరినది" అనిరి. వారిని మంత్రగాని లెక్కలో ఎవ్వరును వేయలేదు.

చదువరులారా, ఈ ఒక్క వాక్యమును మనస్సున నిలుపుకొనుడు: చచ్చినవాడు సాక్ష్యమీయ రాడు. బ్రదికినవారి మాటనే విని తీర్పుచెప్పు న్యాయాధిపతి, సగము సాక్షులను వాకిట నిలిపి తలుపు మూసినవాడు.

మా కాపరి కుమారుని మరణము ఒంటిది కాదు. 2000వ సంవత్సరము మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచే మరణించినవారు సుమారు 12 లక్షలమంది యని, అనగా సగటున ఏటేట 58,000 మంది యని, 2020లో ప్రకటింపబడిన పరిశోధన లెక్కించినది. ఆ మరణములలో దాదాపు 70 శాతము ఎనిమిది రాష్ట్రములలోనే జరిగినవి. తెలంగాణముతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశము వానిలో నొకటి. ప్రపంచారోగ్యసంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యము చేయబడిన వ్యాధుల పట్టికలో చేర్చినది. మన కేంద్రప్రభుత్వము 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని 2024లో కార్యప్రణాళికను ప్రకటించినది.

పాములు అనేకజాతులవి యున్నను, ఈ మరణములలో అధికభాగమునకు కారణమైనవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగే. ఈ నాలుగింటి విషమునకును పనిచేయు విరుగుడు మందు ఒక్కటే సూదిమందుగా లభించును. కఱచిన పామును పట్టి తేవలసిన పని లేదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఆల్బర్టు కాల్మెట్టు అను ఫ్రెంచి వైద్యుడు ఇట్టి మందును మొదట సిద్ధపఱచినవారిలో నొకడు. గుఱ్ఱములకు కొద్దికొద్దిగా విషమెక్కించి, వాని నెత్తుటిలో పుట్టిన ప్రతిశక్తిని తీసి దీనిని చేయుదురు. అందులకు వలయు విషమును తమిళనాటి ఇరులజాతివారు తీసి యిచ్చుచున్నారు. వారు 1978లో అందులకై యొక సహకారసంఘమును స్థాపించుకొనిరి. తరతరములుగా పాములను పట్టి బ్రదికిన ఆ పేదవారి కనుచూపు నేడు దేశమంతటను ప్రాణములు నిలుపుచున్నది. చూపునకు చదువుతో పనిలేదు, శ్రద్ధతోనే పని.

6. ఆచరణ

కావున గృహస్థులు చేయదగిన పనులను క్లుప్తముగా విన్నవించుచున్నాను.

ఒకటి: పెరటిలో ఇటుకలు, పెంకులు, కట్టెలు ఇంటిగోడకు ఆనించి పేర్చరాదు. ధాన్యము ఒలికినచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పాములు. కొట్టము శుభ్రముగా నుంచుట వేయి కఱ్ఱలకంటె మేలు.

రెండు: వేసవి రాత్రులందును వానకాలమునను నేలపై పరుండరాదు. మంచమున పరుండి, దోమతెర అంచులను పఱుపు క్రిందికి దోపవలెను. ఆ తెర దోమను మాత్రమే కాదు, కట్లపామును కూడ ఆపును. పనివారికి ఒక మంచమును, ఒక దోమతెరను, ఒక చేతిదీపమును ఇచ్చుట దానము కాదు, మన విధి. మా పెరటిలో ఆ బాలుడు పరుండినది చాపపైననుట నేను మఱవజాలను.

మూడు: పాము కఱచినచో త్రాటితో బిగించి కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు, పసరు పోయరాదు. కఱచిన అవయవమును కదలకుండ బద్ద కట్టి, రోగిని నడిపింపక, 108కి ఫోను చేసి, వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు చేర్పవలెను. నొప్పి లేదని, వాపు లేదని, ప్రొద్దుపొడువనిమ్మని ఆగరాదు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలయు వెలసినది. ఆళ్లగడ్డ ప్రాంతమువారికి దూరమను సాకు మునుపటంత చెల్లదు.

నాలుగు: ఇది అన్నిటికంటె ముఖ్యము. పిల్లలను ప్రతిదినము పెరటికి గొనిపోయి, ఒక పుస్తకమున రెండు వరుసలు గీయించుడు. ఒక వరుసలో "చూచినది" యనియు, రెండవదానిలో "అనుకొన్నది" యనియు వ్రాయింపుడు. మా యింట ఈ పద్ధతి నడచుచున్నది. మొన్న ఉగాదినాడు మా చిన్నమ్మాయి వ్రాసిన సంగతి యిది. చూచినది: చుక్కలపక్షి కాకిగూటి దగ్గఱకు పోయినది, కాకి తఱిమినది. అనుకొన్నది: అది గ్రుడ్డు పెట్టబోయినది. దాని క్రింద తానే, "రేపు మరల చూడవలెను" అని చేర్చినది. ఇంతకంటె మంచి తీర్పును నేను పెద్ద న్యాయస్థానములలోను అరుదుగా చదివితిని.

ఆ పుస్తకమును మా కాపరియు చూచుచుండును. అతడు నేటికిని మా యింటనే యున్నాడు. క్రిందటి చైత్రమున గడ్డివామి చాటున మరల జెర్రిపోతు కనబడగా పనివారు కఱ్ఱలెత్తిరి. అతడు చేయి అడ్డుపెట్టి, "పడగ చూచినారా? చూడకుండ చెప్పవద్దు" అనెను. పాము కంచెదాటి పోయినది. ఆ మాట నేను ఆనాడే చెప్పియుండినచో ఏమగునో ఎవ్వరును చెప్పజాలరు. కాని చెప్పకపోవుట నేను చూచినదియే, చేసినదియే.

మా జిల్లా ప్రజలకు వన్యమృగములపై కరుణ లేదని ఎవ్వరును అనజాలరు. 2023 మార్చినెలలో కొత్తపల్లె మండలమునందలి పెద్దగుమ్మడాపురము ఊరివారికి నాలుగు పులికూనలు దొరకినవి. వారు వానిని కొట్టలేదు, పాఱవేయలేదు. కుక్కల వాతబడకుండ ఒక గదిలో దాచి, అటవీశాఖవారికి తెలియజేసిరి. తల్లితో కలుపుటకు అధికారులు చేసిన యత్నము ఫలింపకపోగా కూనలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు చేర్చిరి. పులికూనలయెడల అంత నిదానము చూపగల జనులు జెర్రిపోతుయెడల చూపజాలరా? చూపగలరు. ఎవరైన చెప్పవలెను, చెప్పువాడు నవ్వరాదు.

విద్యావంతులారా! మూఢవిశ్వాసములను పరిహసించుట సులభము. ఆ పరిహాసముచేత మన గౌరవమే మనకు కనబడునుగాని ఎదుటివాని కన్ను తెఱువబడదు. అతడు చూచినది నిజమని ముందు ఒప్పుకొని, ఊహ యెక్కడ చేరినదో అతనితో కూడ కూర్చుండి వెదకుట కష్టము. కష్టమైన ఆ పనియే సంస్కారము. వేపపూత రాలు ఈ దినములలో వెనుకతలుపు తీయుడు. ఇంటివారిని, పనివారిని కూడ పిలిచికొనిపొండు.